బండి మారింది, కాలు మారలేదు

మే నెల మిట్టమధ్యాహ్నం. సికింద్రాబాద్ ప్యారడైజ్ సర్కిల్ దగ్గర ఓ కారు కుడికి తిరగబోతూ పొడి అద్దం మీద వైపర్లు ఆడించిందంటే, ఆ స్టీరింగు ముందున్నాయన కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాకపోవచ్చు. నిన్నటిదాకా మారుతి నడిపి, ఇవాళ ఫోక్స్‌వ్యాగన్ ఎక్కిన పాత కాపే అయ్యుంటాడు. మన దేశంలో అమ్మే మారుతి, హ్యుందాయ్ కార్లకు ఇండికేటర్ కాడ స్టీరింగుకు కుడి పక్కన ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు ఎడమ పక్కన ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏళ్ల తరబడి కారు నడిపి, సెలవులకు మారేడ్‌పల్లి వచ్చి నాన్నగారి కారు తీసే కొడుకుదీ ఇదే కథ. అక్కడి కార్లకు ఇండికేటర్ ఎడమవైపే మరి.

వైపర్లు ఆడితే నవ్వుకుని పోతాం. ఇదే తడబాటు కాళ్ల దగ్గర జరిగితే నవ్వులాట కాదు. గేర్ల కారు నడిపిన మనిషి మొదటిసారి ఆటోమేటిక్ ఎక్కి, సిగ్నల్ దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ ఎడమ కాలితో క్లచ్ తొక్కబోతాడు. అక్కడ క్లచ్ ఉండదు. ఆ జాగాలోకి కాస్త జరిగి ఉన్న వెడల్పాటి బ్రేక్ పెడల్ కాలికి తగులుతుంది. క్లచ్‌ను అడుగుదాకా తొక్కే అలవాటున్న కాలు బ్రేక్‌నూ అడుగుదాకా తొక్కేస్తుంది. కారు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోతుంది, వెనక వస్తున్న ఆటోకు ఆగే వ్యవధి ఉండదు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ చిక్కు నడపడం రానివాళ్లది కాదు. బాగా వచ్చినవాళ్లది. నేర్చుకుంటున్నవాడు ప్రతిదీ చూసుకుని, ఆలోచించుకుని చేస్తాడు. చెయ్యి తిరిగినవాడు ఆలోచించడం ఎప్పుడో మానేసి ఉంటాడు. బండి మారితే అతను మార్చుకోవలసింది చేతి పని ఒక్కటే కాదు, ఆ చేతికి ముందే అందిన అంచనాను కూడా.

మెదడు ముందే కట్టే లెక్క

నిండుగా ఉందనుకుని ఖాళీ బిందెను ఎత్తితే చెయ్యి ఒక్కసారిగా పైకి లేచిపోతుంది. బిందెను ముట్టుకోకముందే మెదడు దాని బరువు లెక్కగట్టి, అంత బలాన్ని కండరాలకు పురమాయించేసింది కాబట్టి. డ్రైవింగులో ప్రతి క్షణం జరిగేది ఇదే. బ్రేక్ మీద పాదం ఇంత నొక్కితే బండి ఇంత తగ్గుతుందన్న లెక్క మెదడులో ముందే ఉంటుంది. ఈ లెక్క కట్టడంలో పెద్ద పాత్ర తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడుది. నొక్కాక ఏమవుతుందో చూసి అప్పుడు సరిదిద్దుకుందామంటే కుదరదు. కంటికి కనిపించింది కాలిదాకా చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది.

ఈ లెక్క ఎలా మారుతుందో 1994లో రెజా షాద్‌మెహర్, ఫెర్డినాండో ముస్సా-ఇవాల్ది ఒక చక్కని ప్రయోగంతో చూపించారు. మనుషుల చేత ఒక రోబో చేతి పిడి పట్టించి, చుక్క నుంచి చుక్కకు తిన్నగా జరపమన్నారు. పిడి కదులుతుండగా రోబో దాన్ని పక్కకు నెట్టేది. మొదట్లో అందరి గీతలూ వంకర్లు పోయాయి. చాలాసార్లు చేశాక మళ్లీ తిన్నబడ్డాయి. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. చెప్పకుండా రోబో నెట్టడం ఆపేస్తే గీత రెండో వైపుకు వంగింది. అంటే ఆ చేతులు రోబో నెట్టినప్పుడు తట్టుకుంటూ ఊరుకోలేదు. నెట్టుతుందని ముందే అనుకుని, దానికి ఎదురుబలం సిద్ధం చేసుకుని కదిలాయి. నెట్టేది లేకపోయేసరికి ఆ సిద్ధం చేసుకున్న బలమే తప్పుగా తేలింది.

కొత్త బండి ఎక్కిన డ్రైవరు పరిస్థితి ఇదే. కొత్త బండికి కుదురుకుని తిరిగి పాత బండి ఎక్కినప్పుడూ ఇదే. చాలామంది ఈ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోరు. పాతదే కదా, తెలిసిందే కదా అనుకుంటారు.

కంటోన్మెంట్ డిపో నుంచి

సికింద్రాబాద్‌లో ఈ మార్పు పెద్ద ఎత్తున కంటికి కనిపించే చోటు సిటీ బస్సు. 2019 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ ఏసీ బస్సులను రోడ్డెక్కించింది. జూబ్లీ బస్ స్టేషన్ పక్కనున్న కంటోన్మెంట్ డిపో, మియాపూర్ డిపో వాటికి స్థావరాలు. శంషాబాద్ విమానాశ్రయం దాకా అవి తిరిగాయి. 2023 సెప్టెంబరులో గ్రీన్ మెట్రో లగ్జరీ పేరుతో మరో 25 వచ్చాయి. రోడ్డు అదే, స్టాపులు అవే, బస్సు పొడవూ ఇంచుమించు అంతే. కాని పెడల్ కింద ఉన్నది వేరే యంత్రం.

డీజిల్ ఇంజన్ పూర్తి లాగుడు రావాలంటే అది నిమిషానికి వెయ్యి పైచిలుకు చుట్లు తిరగాలి. అందుకే క్లచ్ నెమ్మదిగా వదులుతూ, యాక్సిలరేటర్ ఇస్తూ, బరువైన బస్సును బతిమాలినట్టు కదిలిస్తారు. పెడల్ తొక్కాక బస్సు అందుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు ఆ ఆలస్యాన్ని కలుపుకునే కాస్త ఎక్కువగా తొక్కుతాడు. ఎలక్ట్రిక్ మోటారుకు ఆ బతిమాలుడు అక్కర్లేదు. సున్నా నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది. డీజిల్ అలవాటుతో అంతే తొక్కితే బస్సు ఒక్క ఊపున ముందుకు దూకుతుంది.

అలా దూకినప్పుడు దెబ్బ తగిలేది డ్రైవరుకు కాదు, అప్పుడే ఎక్కి టికెట్ డబ్బులు తీస్తూ నిలబడ్డ ప్రయాణికుడికి. నిలబడ్డవాళ్లను పడేసేది వేగం కాదు. వేగం నిలకడగా పెరుగుతుంటే శరీరం ఆ మేరకు ఒరిగి సర్దుకుంటుంది. ఆ పెరుగుదల ఉన్నట్టుండి మొదలైనా, ఉన్నట్టుండి ఆగినా కాళ్లకు సర్దుకునే వ్యవధి చాలదు. మనం కుదుపు అనేది దీన్నే. అందుకే చాలా ఎలక్ట్రిక్ బస్సుల్లో పెడల్ ఎంత తొక్కినా లాగుడు క్రమంగానే పెరిగేలా సాఫ్ట్‌వేర్‌తో కళ్లెం వేస్తారు. అయినా మిగతా సగం పని కాలిదే.

ఆపడం ఇంకా పెద్ద మార్పు. డీజిల్ బస్సులో యాక్సిలరేటర్ వదిలేస్తే బస్సు కాస్త దూరం దొర్లుతూ పోతుంది. ఎలక్ట్రిక్ బస్సులో కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, చక్రాల పరుగును కరెంటుగా చేసి బ్యాటరీలోకి పంపడం మొదలుపెడుతుంది. బ్రేక్ ముట్టకుండానే బస్సు తగ్గుతుంది. డీజిల్ లెక్కతో కాలు తీస్తే స్టాపు ఇంకా దూరంగా ఉండగానే వేగం పడిపోతుంది, మళ్లీ తొక్కాలి. తీయడం, తొక్కడం, మళ్లీ తీయడం. లోపలివాళ్ల తలలు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటాయి.

ఇలా తగ్గించే వేగంలో ఎంత కరెంటు ఉందో చిన్న లెక్క వేసి చూడొచ్చు. 15 టన్నుల బస్సు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని పరుగులో దాదాపు 0.4 యూనిట్ల శక్తి ఉంటుంది. సిటీలో ఇలాంటి బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్‌కు అటూ ఇటూగా తింటుంది. అంటే ఒక్కసారి బ్రేక్ గట్టిగా నొక్కి ఆపితే నాలుగు వందల మీటర్ల ప్రయాణానికి సరిపడే కరెంటు వేడిగా గాల్లో కలిసిపోయినట్టే. తిరిగి రాబట్టేటప్పుడు కొంత ఎలాగూ పోతుంది, కాని చాలావరకు దక్కించుకోవచ్చు. దానికి ముందుచూపు కావాలి. కుదుపు తెలియకుండా సెకనుకు గంటకు 3.6 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటూ ఆగాలంటే 50 వేగం నుంచి దాదాపు 14 సెకన్లు, 96 మీటర్లు కావాలి. పాట్నీ సెంటర్ లాంటి చోట ముందు 96 మీటర్లు ఖాళీ దొరకడం కష్టమే. కాబట్టి అక్కడ ఆ వేగమే అందుకోకూడదు.

ఇంకో మెలిక ఉంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పొద్దున్నే నిండుగా ఉంటుంది. నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు తీసుకోలేదు. అందుకే చాలా ఎలక్ట్రిక్ బండ్లలో మొదటి ట్రిప్పులో కాలు తీసినప్పుడు తగ్గాల్సినంత తగ్గదు. ఒకటి రెండు గంటలు తిరిగాక అదే బండి, అదే పెడల్, కాని పట్టు వేరు. కొన్ని బండ్లలో ఆ తేడాను మామూలు బ్రేకులు తమంతట తామే పూడ్చుతాయి, కొన్నిటిలో ఆ పని డ్రైవరు కాలిదే. ఒకే బండి ఒకే రోజున రెండు బండ్లయినట్టు.

కాలు తీసి ఆపే ఈ విద్య పరాకాష్ఠను జంటనగరాలు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డునే చూశాయి. ఆ రోజు జరిగిన ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల పందెంలో పరుగెత్తిన కార్ల వెనక చక్రాలకు మామూలు బ్రేకులు లేకుండానే రూపకల్పన చేశారు. అక్కడ ఆపే పని మోటారుదే. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకింగు నుంచే తిరిగి వస్తుందని నిర్వాహకుల మాట. గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్, వెనక నుంచి ఒత్తుతున్న నిక్ కాసిడీ కంటే తక్కువ కరెంటుతో చివరి ల్యాపులు నెట్టుకొచ్చాడు. ఎక్కడ తొక్కాలో తెలియడం కంటే ఎక్కడ కాలు తీయాలో తెలియడమే అక్కడ గెలిపించింది.

చెవి చేసే పని

డ్రైవింగులో చెవికి ఎంత పని ఉందో అది తప్పిపోయేదాకా తెలియదు. తొలినాటి బస్సులనే తీసుకుందాం. ఇక్కడి ప్రభుత్వ బస్సుల చరిత్ర 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ దాచుకుంది. ఆ కాలపు బస్సుల గేర్‌బాక్సుల్లో చాలావాటికి గేర్లను వాటంతటవే జత కలిపే ఏర్పాటు లేదు. గేరు మార్చాలంటే క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజన్ వేగం సరిచేసి, మళ్లీ తొక్కి తర్వాతి గేరు వేయాలి. ఆ సరైన వేగం మీటరు చూసి తెలుసుకునేది కాదు, ఇంజన్ మోత విని పట్టుకునేది. పొరపాటైతే గేర్లు కరకరమని అరిచి చెప్పేవి.

ఇవాళ్టి డ్రైవర్లు కూడా ఆ మోత మీదే ఆధారపడతారు. మీటరు వంక చూడకుండానే వేగం తెలుస్తుందంటే అందులో కంటి వాటా కొంత, ఇంజన్ శబ్దం వాటా కొంత, సీటు కింద అదురు వాటా కొంత. శబ్దం తగ్గితే మనిషి తన వేగాన్ని ఉన్నదాని కంటే తక్కువగా అంచనా వేస్తాడని పరిశోధనల్లో తేలింది. ఎలక్ట్రిక్ కారులో 40లో పోతున్నాననుకుంటూ 60 అందుకోవడం అందుకే సులువు. బయట రోడ్డు దాటేవాళ్లకూ బండి వస్తున్నట్టు అంతగా వినబడదు. కొత్త ఎలక్ట్రిక్ బండి తీసుకున్నవాళ్లు మొదటి వారాల్లో మీటరు వైపు తరచూ చూడటం చాదస్తం కాదు, పోయిన చెవికి బదులు.

స్కూటర్లదీ ఇదే సంగతి. పెట్రోలు స్కూటరు ఆన్‌లో ఉంటే గుడగుడమంటూ చెబుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరు సడీ చప్పుడూ లేకుండా సిద్ధంగా ఉంటుంది. మోండా మార్కెట్ ముందు బండ్ల సందులోంచి దాన్ని బయటికి లాగుతూ, పట్టుకోసం హ్యాండిల్ బిగించబోయి యాక్సిలరేటర్ తిప్పేస్తే బండి చేతుల్లోంచి ముందుకు ఉరుకుతుంది. స్విచ్ ఆపాకే స్కూటరును నెట్టాలన్న అలవాటు కొత్తగా చేసుకోవలసిందే.

వెనక చక్రం కోసే మూల

కాళ్ల సంగతి ఇలా ఉంటే, బండి కొలతల సంగతి ఇంకోటి. ఏ బండి తిరిగినా వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో పోవు, మలుపు లోపలికి కోసుకుంటూ పోతాయి. ఎంత కోస్తాయన్నది ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుందాం. చక్రాల మధ్య 2.4 మీటర్ల దూరమున్న చిన్న కారుకు వెనక చక్రం పావు మీటరు లోపలికి జరుగుతుంది. 6 మీటర్ల దూరమున్న సిటీ బస్సుకు అది 1.6 మీటర్లు. ఒక మనిషి స్కూటరుతో నిలబడేంత జాగా.

పైగా సిటీ బస్సులో డ్రైవరు ముందు చక్రాల కంటే ముందు కూర్చుంటాడు. కారు డ్రైవరు వాటి వెనక కూర్చుంటాడు. కారు అలవాటుతో స్టీరింగ్ తిప్పితే బస్సు వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. మూల దాటిపోయానని అనిపించాక కూడా కాస్త ముందుకు పోయి అప్పుడు తిప్పాలి. బస్సు నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఒంటికి ఎక్కని పాఠం ఇదే. అందుకే హకీంపేటలోని ఆర్టీసీ శిక్షణ కేంద్రం లాంటి చోట్ల, లారీలు నడిపి వచ్చినవాళ్లయినా సరే మైదానంలో మలుపులు మళ్లీ తిరగాల్సిందే. ఇటువైపు నుంచి ఆలోచిస్తే మనకూ ఒక పాఠం ఉంది. ఎడమకు తిరగబోతున్న బస్సు పక్క సందులో స్కూటరు దూర్చేవాళ్లు, తమ బండి కొలతతో బస్సు మలుపును లెక్కగడుతున్నారన్నమాట.

రైల్వే రాసి పెట్టుకున్న నియమం

బండి మార్పిడిని ఎంతో శ్రద్ధగా పట్టించుకున్న సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1966 అక్టోబరు 2న ఏర్పడ్డ దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాద్ కేంద్రం. ఇక్కడి లోకో పైలట్‌కు ఇంజన్ అదే అయినా రోజుకో రైలు. బొగ్గు వ్యాగన్లు 58 కట్టిన గూడ్సు ఖాళీగా ఉంటే సుమారు 1,300 టన్నులు, నిండితే 4,700 టన్నులు. ముందు క్యాబిన్‌లో కూర్చుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆగడంలో మాత్రం పోలికే లేదు.

రైలు బ్రేక్ పనిచేసేది గాలితో. బండి పొడవునా ఉన్న పైపులో గాలి పీడనం తగ్గిస్తే వెనక పెట్టెల దాకా ఆ కబురు చేరి బ్రేకులు పడతాయి. ప్రయాణికుల బండిలో ఒక్కో పెట్టె బ్రేక్ పూర్తిగా పట్టడానికి 3 నుంచి 5 సెకన్లు, వదలడానికి 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. గూడ్సులో పట్టడానికే 18 నుంచి 30 సెకన్లు, వదలడానికి 45 నుంచి 60 సెకన్లు. పొడవైన గూడ్సులో ముందు వ్యాగన్లు గభాలున ఆగి, వెనకవి వచ్చి వాటిని గుద్దకుండా ఉండాలనే ఆ నిదానం. గూడ్సు నుంచి ఎక్స్‌ప్రెస్‌కు మారిన లోకో పైలట్ పాత అలవాటుతో ముందే బ్రేక్ వేస్తే ప్లాట్‌ఫారం అందక ముందే రైలు ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ నుంచి గూడ్సుకు మారి పాత అలవాటుతో ఆలస్యంగా వేస్తే ఎర్ర సిగ్నల్ దాటిపోతుంది.

అనుభవం ఉందిలే అని రైల్వే దీన్ని లోకో పైలట్ నేర్పుకు వదిలేయలేదు. ప్రయాణం మొదలయ్యాక మొదటి వీలులోనే, ఆగాల్సిన అవసరం లేకపోయినా, బ్రేక్ వేసి బండి ఎలా తగ్గుతోందో చూసుకోవాలన్నది నియమం. దీన్ని బ్రేక్ ఫీల్ టెస్ట్ అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నాయనైనా చేయాల్సిందే. ఆ ముప్పై ఏళ్లూ నడిపింది ఈ రైలును కాదు కదా. అలాగే కొత్త మార్గం మీద బండి అప్పగించే ముందు, తెలిసినవారి పక్కన ప్రయాణించి ఎత్తుపల్లాలు, సిగ్నళ్లు గుర్తుపెట్టుకునే రోడ్ లెర్నింగ్ తప్పనిసరి.

2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్‌తో ఇంకో కొత్త తరహా వచ్చింది. దానికి ముందు ఇంజన్ ఉండదు, మోటార్లు పెట్టెల కిందే పంచి ఉంటాయి. లాగే బలం, ఆపే బలం బండి పొడవునా ఉండటంతో అది అందుకునే తీరు, ఆగే తీరు ఇంజన్ లాగే రైలుకు భిన్నం.

చివరికి యంత్రానికీ ఈ పాఠం తప్పలేదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థను ఎక్కువగా పరీక్షించి చూసింది దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య, రైల్వే మంత్రి ఇంజన్‌లో ఉండగా, ఎదురుగా ఉన్న మరో ఇంజన్‌కు 380 మీటర్ల ముందే అది బండిని ఆపి చూపించింది. కవచ్ ఎప్పుడు బ్రేక్ వేయాలో లెక్కగట్టాలంటే ముందు అది కాపాడుతున్న రైలు ఏ రకమో దానికి తెలియాలి. ఆ సమాచారం తప్పైతే ఎంత గొప్ప కంప్యూటరైనా పాత బండి లెక్కతో కొత్త బండిని ఆపబోతుంది. మన కాలు చేసేదే అది.

కుదిరిందనిపించాకే జాగ్రత్త

కొత్త బండి ఎక్కిన కాసేపటికి చెయ్యి కుదురుతుంది. ఇక ఫర్వాలేదనిపిస్తుంది. అసలు పొంచి ఉన్న ప్రమాదం అక్కడే. కండరాల నేర్పులో రెండు ప్రక్రియలు పక్కపక్కనే నడుస్తాయని 2006లో షాద్‌మెహర్ బృందం చూపించింది. ఒకటి త్వరగా నేర్చుకుని త్వరగా మరిచిపోతుంది, రెండోది నిదానంగా నేర్చుకుని నిలబెట్టుకుంటుంది. మొదటి పది నిమిషాల ధీమా ఎక్కువగా మొదటిదాని పుణ్యం. లోపల ఆ నిదానపు పొరలో పాత బండే ఉంటుంది. ముందు నుంచి ఓ పిల్లాడు అడ్డం పరుగెత్తినప్పుడు, ఆలోచించే వ్యవధి లేనప్పుడు కాలిని నడిపేది ఆ పాత పొరే.

ఒక ఊరట కూడా ఉంది. ఒకసారి కుదిరిన బండికి మళ్లీ కుదరడం మొదటిసారికంటే త్వరగా అవుతుంది. పెళ్లిళ్లకు, ఊళ్ల ప్రయాణాలకు రోజుకో ఇంటి కారు నడిపే యాక్టింగ్ డ్రైవర్లలో ఇది కనిపిస్తుంది. మంచి యాక్టింగ్ డ్రైవరు సీటు, అద్దాలు సర్దుకోవడంతో ఆగడు. కారు కదలకముందే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలితో చూసుకుంటాడు. గేటు దాటగానే, వెనక ఎవరూ లేకుండా చూసి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా బ్రేక్ నొక్కుతాడు. రివర్స్ గేరు ఎటు పడుతుందో, ఇండికేటర్ ఏ పక్కనుందో రోడ్డెక్కకముందే తెలుసుకుంటాడు. రైల్వే నియమావళి చదవకపోయినా అతను చేస్తున్నది బ్రేక్ ఫీల్ టెస్టే.

మనం చేయాల్సిందీ అంతకంటే ఎక్కువేం కాదు. బండి మారిన రోజున ముందు బండికీ మనకూ మధ్య దూరం మామూలు కంటే ఎక్కువ ఉంచుకోవాలి. ఆటోమేటిక్ అయితే ఎడమ కాలిని వెనక్కి లాక్కుని నేల మీదే ఉంచాలి. ఎలక్ట్రిక్ అయితే కాలును పెడల్ మీద నుంచి ఒక్కసారిగా లేపకుండా మెల్లగా తేల్చాలి. రెండు బండ్లు మార్చి మార్చి నడిపేవాళ్లు, అవి అచ్చం ఒకేలా కనిపించినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బస్సుకూ స్కూటరుకూ తేడా మెదడు దానంతటదే గుర్తుపడుతుంది. తెల్ల కారుకూ తెల్ల కారుకూ మధ్య తేడాను మనమే గుర్తుచేయాలి. వారం రోజులు ఎలక్ట్రిక్ నడిపి పాత డీజిల్ కారుకు తిరిగొచ్చిన రోజున కూడా ఇవన్నీ వర్తిస్తాయి.

ఇంకొకరికి బండి ఇచ్చేటప్పుడు పెట్రోలు ఎంతుందో, టైర్లో గాలి ఎప్పుడు కొట్టించామో చెప్పి తాళంచెవి చేతిలో పెడతాం. బ్రేక్ ఎంత నొక్కితే పడుతుందో, క్లచ్ ఎక్కడ అందుకుంటుందో కూడా ఆ మాటల్లోనే చెప్పేయాలి. తీసుకునేవాళ్లు అది విన్నాక కూడా గేటు దగ్గర ఒకసారి నొక్కి చూసుకోవాలి.